అడ్డపొగా, నా వేళ్లూ

ఇవాళ పొద్దున్న నా జడ నేనే అల్లుకున్నాను. ఇదీ ఒక వార్తేనా అనుకునేవాళ్లు పది నెలలపాటు తమ తలని అత్తగారికి అప్పజెప్పి చూడాలి. ఆవిడ దువ్వెనతో బర్రున లాగడం, నేను "అబ్బా, అది జుట్టు అత్తా, కొబ్బరిపీచు కాదు" అని అరవడం, ఆవిడ "మెదలకుండా కూకోయే, నేకపోతే గుండు గీయించెస్తాను" అనడం. మా వీధి రోజూ ఆ గోలకే నిద్ర లేచేది.

నా పేరు పార్వతి. మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు. నూలు వడకడం మా ఇంటి పని. కాపురానికి వచ్చాక మా అత్త అప్పలనరసమ్మ నేర్పింది, ఇరవై రెండేళ్లుగా వడుకుతున్నాను. ముతక నూలు ఎవరైనా తీస్తారు. వంద నంబరు నూలు, అంటే వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే తప్ప కంటికి ఆననంత సన్నది, మా ఊళ్లో కొద్దిమందే తీయగలరు. వాళ్లలో నేనొకదాన్ని. గొప్పలు పోతోంది అనుకుంటే అనుకోండి. నాకు ఆస్తి లేదు, చదువు పదో తరగతి, రంగు మా అత్త మాటల్లో మాడిన అట్టు. కుడిచెయ్యి రాట్నం తిప్పుతుంటే ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దారం ఎంత సన్నగా సాగుతోందో తెలియడం ఒక్కటే నాకున్న గొప్ప. అది కన్ను చెప్పదు, ఆ రెండు వేళ్లే చెబుతాయి. జబ్బు సరిగ్గా వాటికే చేసింది.

గండం గడిచింది కాబట్టి ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. రాయమన్నది మా అమ్మాయి స్వాతి. ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతోంది, బయోటెక్నాలజీ. "నీలాగా పనివల్లే నొప్పి అనుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో అమ్మా" అంది. నిజమే. నేను చేసిన తెలివితక్కువ పనులు ఇంకొకరు చెయ్యకుండా ఉంటే నాకు సిగ్గు పోయినా పరవాలేదు.

కార్తీకం

ఆ నెల తెల్లవారుజామున చన్నీళ్ల స్నానాలు చేస్తాం. ఒకరోజు స్నానం చేసి వచ్చి చీర కుచ్చిళ్లు పోసుకోబోతే వేళ్లు మడత పడలేదు. చలికి కొంకర్లు పోయాయనుకున్నాను. ఎండెక్కాక సర్దుకున్నాయి. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పదిహేను రోజులు తిరిగేసరికి రెండు చేతుల కణుపులూ ఉబ్బాయి. రాట్నం ముందు కూర్చుంటే దారం నా మాట వినడం మానేసింది. ఒకచోట లావు, ఒకచోట సన్నం, పుటుక్కున తెగడం.

మా వీధిలో అందరూ వడికేవాళ్లే. అందరూ చూసి ఒకటే తీర్పు ఇచ్చారు. "వడికినోలకి వేలు నొప్పి రాకపోతే మరేటి వస్తాది?" అని. మా అత్తకి కూడా యాభై ఏళ్ల వయసులో వేళ్లు నొప్పి చేశాయట. రెండు నెలలు రాట్నం ముట్టుకోకుండా ఊరుకుంటే తగ్గిందట. ఆ అనుభవంతో నా రాట్నం తీసుకెళ్లి అటక మీద పెట్టించింది.

"ఇంక దాని జోలికెల్లకు. సేతులకి పని సెప్పకపోతే అవే బాగవుతాయి" అంది.

నేను విశ్రాంతి తీసుకున్నాను. ఎంత విశ్రాంతి తీసుకుంటే అంత బిగుసుకుపోయాను. పొద్దున్న లేవగానే పిడికిలి మూయడానికి గంట పట్టేది, తర్వాత రెండు గంటలు పట్టేది. సాయంత్రానికి కాస్త నయంగా ఉండేది. పనివల్ల వచ్చిన నొప్పి అయితే సాయంత్రానికి ఎక్కువవ్వాలి, పడుకుని లేస్తే తగ్గాలి. నాకు తిరగబడింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. మంటలో నెయ్యి పోసుకుంటూ చల్లారడం లేదేమిటా అని చూశాం.

ఆముదపు ఆకులు కట్టాను. మా పక్కవీధిలో ఒక ఇంజక్షన్ల డాక్టరు ఉన్నాడు. అతను సూది వేస్తే రెండు రోజులు స్వర్గం, మూడోరోజు మళ్లీ మొదటికే. ఆరు సూదులు వేయించుకున్నాను. ఆరోదానికి మొహం పూరీలా పొంగింది. "మొహంలో కళ వచ్చినాది" అని మెచ్చుకున్నారు కొందరు. వాళ్ల నోట్లో మట్టి!

మార్గశిరం

ఈ నెల గురించి ఎక్కువ రాయను. గ్లాసు పట్టుకుంటే జారిపోయేది. రవిక హుక్కులు పెట్టుకోలేక ఏడ్చాను. తడిగుడ్డ పిండలేక స్నానాలగదిలో కూర్చుని ఏడ్చాను. ఒళ్లంతా నీరసం, సాయంత్రమయ్యేసరికి పలచగా జ్వరం. మా ఆయన పొందూరు నుంచి శ్రీకాకుళానికి ఆటో నడుపుతాడు. ఒకరోజు అన్నం తింటూ "ఎంతకాలమని ఇలగ" అన్నాడు. అన్నాడో లేదో చేతికందిన గరిటె విసిరాను. వేళ్లకి పట్టులేక అది రెండు అడుగుల దూరంలోనే పడింది. దాంతో ఇంకా కోపం వచ్చింది.

ఆ మర్నాటి నుంచి ఆయన ఆటో తీసే ముందు వంటింట్లోకి వెళ్లి డబ్బాల మూతలన్నీ వదులు చేసి పెట్టి వెళ్లేవాడు. కారం, పప్పు, పంచదార, ఆవకాయ సీసా, అన్నీ. మొదటిరోజు తెలియక జీలకర్ర డబ్బా మూత పట్టుకుని ఎత్తాను, డబ్బా కింద మూత పైన. ఇల్లంతా జీలకర్ర. ఆయన్ని తిట్టుకుంటూ ఊడ్చి, ఊడుస్తూ ఊడుస్తూ అర్థమై ఆగిపోయాను.

ఆ రోజుల్లో నాకున్న ఒకే ఒక సుఖం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అత్తతో కలిసి అరుగు మీద చుట్ట కాల్చడం. బయటి ఊళ్లవాళ్లకి ఇది చెప్పాలి. మా వైపు ఆడవాళ్లలో కొందరు చుట్టని నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటాం. నోరు మూసుకుంటే పొగ పెద్దగా కనిపించదు. మా పనిలో దానికొక లెక్క ఉంది. చుట్టూ దూదిపింజలు ఎగురుతుంటే నిప్పు బయట పెట్టుకుని కూర్చోలేం కదా, ఒక్క రవ్వ పడితే చాలు. నిప్పు నోట్లో ఉంటే పత్తికి భయం లేదు, రెండు చేతులూ పనికి ఖాళీ. నాకు స్వాతి పుట్టిన ఏడాది పన్ను పోటు వచ్చి ఏడుస్తుంటే మా అత్తే చుట్ట వెలిగించి నోట్లో పెట్టింది. పోటు తగ్గింది, చుట్ట ఉండిపోయింది.

పుష్యం

ఒక ఆదివారం స్వాతి హాస్టలు నుంచి వచ్చింది. నాకు జడ వేస్తున్న నాన్నమ్మని చూసి మొదట నవ్వింది. తర్వాత నా చేతులు చూసి నవ్వు ఆపేసింది.

"అమ్మా, పొద్దున్న ఎక్కువా, సాయంత్రం ఎక్కువా?"

"పొద్దున్న."

"రెండు చేతులకీ ఒకేలాగనా?"

"ఒకేలాగే. ఎందుకే?"

అది వెంటనే వాళ్ల నాన్నకి ఫోను చేసి "వచ్చే ఆదివారం ఆటో మాకే" అంది.

శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి నెలకి రెండు ఆదివారాలు విశాఖపట్నం నుంచి కీళ్లవాతం డాక్టరమ్మ వస్తుంది. మేం వెళ్లేసరికి హాలు నిండిపోయింది. ఎక్కువగా ఆడవాళ్లే. ఒక్కొక్కరూ చేతులు కొంగు కింద దాచుకుని కూర్చున్నారు. నేనూ దాచుకునే కూర్చున్నాను. నా పక్కన కళింగపట్నం నుంచి వచ్చిన ఒకావిడ ఉంది. ఎండుచేపల పని చేస్తుందట, పేరు కాసులమ్మ. నీళ్ల సీసా నా వైపు చాపి "అప్పా, ఈ మూత తీయవా, నా సేతులు రావు" అంది.

నేను తిప్పాను. రాలేదు. నా పక్కావిడకి ఇచ్చాను. ఆవిడ పళ్లు బిగించి తిప్పి వెనకవాళ్లకి ఇచ్చింది. సీసా అలా వరసంతా తిరిగింది. ఒక పెద్దాయన పంచె కొసతో పట్టుకుని చూశాడు, ఒకమ్మాయి మోకాళ్ల మధ్య పెట్టుకుని చూసింది. అందరూ కీళ్ల రోగులే, ఎవరికి వస్తుంది? చివరికి సీసా మూత తీయకుండానే కాసులమ్మ దగ్గరికి తిరిగొచ్చింది. ఆవిడ దాన్ని చూసి ఫక్కున నవ్వింది.

"ఓలమ్మో, ఇంతమందిమి ఉన్నాం, ఒక మూతకి సాలనేదు!"

హాలంతా నవ్వింది. మూడు నెలల్లో నేను నోరారా నవ్వడం అదే. టోకెన్లు పిలిచే నర్సు వచ్చి మూత తీసి పెట్టింది. ఆ తర్వాత ఎవరూ చేతులు కొంగు కింద దాచుకోలేదు. ఒకరివి ఒకరం చూసుకున్నాం. నావాటి కన్నా వంకర తిరిగినవి చాలా ఉన్నాయి. కాసులమ్మ వేళ్లు బయటి వైపుకి ఒరిగిపోయి ఉన్నాయి. "ఎనిమిదేళ్లు నాటుమందులు మింగినాను అప్పా. నువ్వు బేగి వచ్చినావు, నీకు బాగవుతాది" అంది. నాకు ఆ వేళ్ల మీద నుంచి కళ్లు తిప్పుకోవడం కష్టమైంది. వాటితో దారం పట్టడం అయ్యే పని కాదు.

డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నది. నా కణుపులు ఒక్కొక్కటీ మెల్లగా నొక్కి చూసింది. నొప్పి ఎప్పుడు, ఎంతసేపు, ఇంట్లో ఎవరికైనా ఉందా, అన్నీ అడిగింది. "బీడీ, సిగరెట్టు, పొగాకు, ఏమైనా అలవాటు ఉందా?" అని కూడా అడిగింది.

"ఛ ఛ, మా ఇంట్లో మగవాళ్లకే లేదండి" అన్నాను.

అబద్ధమాడుతున్నానని నాకు అనిపించలేదు. దేవుడి మీద ఒట్టు. మా లెక్కలో బీడీ అంటే మగాళ్ల తిరుగుడు అలవాటు. మధ్యాహ్నం అత్తా కోడళ్లు కాల్చే చుట్ట తమలపాకుతో సమానం, పంటికి మందు. పక్కనే ఎమ్మెస్సీ చదివే మా అమ్మాయి కూర్చుంది, దానికీ తట్టలేదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న దాన్ని ఎవరూ అలవాటు అనుకోరు.

రక్తపరీక్షలయ్యాక చెప్పింది. రుమటాయిడ్ ఆర్థరైటిస్. "మీ ఒంట్లో రోగాల మీదికి వెళ్లాల్సిన రక్షణ వ్యవస్థ పొరపాటున మీ కీళ్ల మీదికే వెళ్తోందమ్మా. పోలీసులు దొంగని వదిలేసి ఇంటివాళ్లని కొట్టినట్టు" అంది.

నేను అడగాల్సింది ఒక్కటే. "వంద నంబరు నూలు మళ్లీ తీయగలనా?"

ఆవిడకి నూలు నంబర్ల గురించి తెలియదు. స్వాతి చెప్పింది. అంతా విని, "వేళ్లు వంకర తిరగకుండా ఆపడానికి చెయ్యాల్సిందంతా చేస్తాను. అంత సన్నని పనికి వస్తాయో లేదో ఇప్పుడే మాట ఇవ్వలేను" అంది. ఆ నిజం నాకు గుండెల్లో రాయి పడ్డట్టయింది. కానీ ఇంజక్షన్ల డాక్టరు ప్రతిసారీ "రేపటికి తగ్గిపోతుంది" అనేవాడు. దానికన్నా ఇదే నయమనిపించింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో స్వాతిని అడిగాను. "ఆ పోలీసుల గొడవ నాకు ఎక్కలేదే. నాకు తెలిసినట్టు చెప్పు."

అది మా పనిలోంచే పోలిక తీసింది. మేం పత్తిని వాలుగ చేప దవడతో శుభ్రం చేస్తాం. దాని పళ్లు దువ్వెన కన్నా సన్నగా ఉంటాయి. దువ్వితే చెత్తా నలుసులూ పళ్లకి చిక్కుకుని, పీచు మాత్రం సాఫీగా వస్తుంది.

"ఆ దవడ లాంటి కణాలు మన రక్తంలో ఉన్నాయి అమ్మా. ప్రతిదాన్నీ తడిమి చూస్తాయి. ఇది నాది, ఇది పరాయిది అని వేరు చేస్తాయి. పరాయిదాన్ని పట్టుకోవడానికి యాంటీబాడీలని తయారు చేయిస్తాయి. నీ ఒంట్లో మన సొంత ప్రొటీను ఒకటి కొంచెం మారింది. ఎంతో కాదు, ఒక్క ముక్క. దాన్ని చూసి అవి చెత్త అనుకున్నాయి. అలాంటిదే కీళ్లలోనూ ఉంది. అందుకని అక్కడికి పోయి పీచునే పీకుతున్నాయి."

"మరి నలుసు కాదు, పీచు అని వాటికి ఎవరూ చెప్పరా?"

"చెప్పే కణాలు కూడా ఉంటాయి. వాటి మాట వినడం లేదు. పైగా ఒకటి వచ్చి ఇంకో పదింటిని కేకేసి పిలుస్తుంది. ఆ కేకలు వేసే పదార్థాల వల్లే వాపు, వేడి, నీ జ్వరం, నీ నీరసం. మందు ఆ కేకలు తగ్గిస్తుంది."

ముందు సీట్లోంచి మా ఆయన "అచ్చం మా అత్తవారి తరఫు బంధువుల్లాగ" అన్నాడు. గరిటె అందుబాటులో లేదు కాబట్టి బతికిపోయాడు.

మాఘం, ఫాల్గుణం, చైత్రం

వారానికి ఒక్కరోజు మింగే మాత్రలు, వాటికి తోడు ఇంకో రెండు. డాక్టరమ్మ మొదటే చెప్పింది, వీటి పని తెలియడానికి రెండు మూడు నెలలు పడుతుందని. రోజూ మింగకూడదని స్వాతి కాగితం మీద రాసి గోడకి అంటించింది. మంగళవారం మింగితే బుధవారమంతా కడుపులో తిప్పేది. నెలనెలా రక్తం తీయించుకోవడం, ఆదివారం హాలు, కాసులమ్మతో కబుర్లు. ఆవిడ నాకోసం ఎండు నెత్తళ్లు పొట్లం కట్టి తెచ్చేది. మా ఆటోలో రెండు రోజులు ఆ వాసన పోయేది కాదు.

వాపు కొంచెం తగ్గింది. అంతకు మించి తగ్గలేదు. మూడో నెల దాటాక కూడా పిడికిలి పూర్తిగా మూసుకోలేదు. నాకు మందు మీద నమ్మకం పోతూ వచ్చింది. మానేద్దామనుకున్నాను. నిజం చెప్పాలంటే ఒక వారం మాత్ర మింగినట్టు నటించి తులసికోట వెనక పారేశాను కూడా. ఆ వారమంతా ఎంత భయపడ్డానో చెప్పలేను. వేళ్లు కాసులమ్మ వేళ్లలా అయినట్టు పగలే కళ్ల ముందు కనిపించేది. మళ్లీ మొదలుపెట్టాను.

డాక్టరమ్మ కూడా కాగితాలు చూసి తల గోక్కుంది. మోతాదు పెంచే ముందు, ఈ మందుకి కొందరికి నోట్లో పుళ్లు పడతాయి, చూస్తానంది. టార్చి వేసి నోరు తెరవమంది. తెరిచాను. ఎంతసేపటికీ టార్చి ఆర్పలేదు.

"ఈ అంగిలి ఏంటమ్మా, తెల్లగా మందం కట్టి, మధ్యమధ్య ఎర్రచుక్కలతో?"

"అదా," అన్నాను తేలిగ్గా. "అడ్డపొగ వల్లండి. మా అత్తకైతే ఇంకా తెలుపు."

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. నా వైపు చూసింది, స్వాతి వైపు చూసింది. స్వాతి చెయ్యి నుదుటి మీదికి వెళ్లిపోయింది. నాకప్పుడు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నెమ్మదిగా చెప్పింది. పొగ తగిలిన చోట, అంటే ఊపిరితిత్తుల్లో, చిగుళ్లలో, ఒంటి ప్రొటీన్లు రూపు మారతాయట. స్వాతి చెప్పిన ఆ ఒక్క ముక్క మారడం అక్కడ మొదలు కావచ్చట. ఇదొక్కటే కారణమని ఎవరూ చెప్పలేరు. కానీ పొగ మానకపోతే ఈ మందు కొందరికి సరిగా పట్టదు. "నేను ఒకవైపు నీళ్లు పోస్తున్నాను, మీరు ఇంకోవైపు పుల్లలు వేస్తున్నారు" అంది. అంగిలిని నోటి డాక్టరుకి చూపించమని చీటీ రాసింది. చూపించాం. ప్రస్తుతానికి ప్రమాదం లేదు, చుట్ట ముట్టుకోవద్దు అన్నారు.

అదే రోజు, ఇంటి అరుగు

మేం వచ్చేసరికి మా అత్త అరుగు మీద కూర్చుని ఉంది. రెండు చుట్టలు చుట్టి పెట్టింది, ఒకటి తనకి, ఒకటి నాకు. స్వాతి అన్నీ చెప్పింది. మా అత్త ముందు నమ్మలేదు.

"యాభయ్యేళ్లు కాల్చినాను. మరి నాకెందుకు రానేదే? నా సేతి ఏళ్లు సూడు, గుండ్రాయినాగ ఉన్నాయి."

"నాన్నమ్మా, పొగ ఒక్కటే చాలదు. పుట్టుకతో వచ్చే జన్యువులు కొన్ని ఉంటాయి. అవి ఉన్నవాళ్లలో ఆ మారిన ముక్క కణాలకి పరాయిదిగా కనిపిస్తుంది. నీకు అవి లేవేమో. అమ్మకి ఉన్నాయేమో."

మా అత్త మొహం విప్పారింది.

"అంటే తప్పు దీని పుట్టింటోలదన్నమాట."

అంత బాధలోనూ నాకు నవ్వాగలేదు. స్వాతి నవ్వుతూ నవ్వుతూ ఆగి, తన వేళ్లు తాను చూసుకుంది. "సగం నాకూ వచ్చుంటాయి కదమ్మా" అంది మెల్లగా. మా అత్త ఠక్కున దాని చెయ్యి పట్టుకుని "నీ నోట్లో నానేటీ ఎట్టనేదే. ఎట్టను. నీకు రాదు" అంది. తర్వాత సారి డాక్టరమ్మని అడిగితే, వచ్చి తీరాలని లేదు, పొగ జోలికి పోకు, పొద్దున్నే వేళ్లు బిగిస్తే ఆలస్యం చెయ్యకుండా రా, అంది.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర మా అత్త నా వైపు తిరగకుండా మాట్లాడింది.

"పంటి పోటని నువ్వు ఏడస్తంటే సూడనేక నోట్లో ఎట్టినాను పార్వతీ. నా సేతుల్తో నానే ఎట్టినాను."

"నా చేతిలో రాట్నం పెట్టింది కూడా నీ చేతులే అత్తా" అన్నాను. అంతకంటే నాకు చెప్పడం చేతకాలేదు. ఇద్దరం కాసేపు ఏడ్చాం. తర్వాత ఆవిడ "పులుసు మాడిపోతన్నాది" అని గరిటె అందుకుంది.

వైశాఖం నుంచి శ్రావణం

చుట్ట మానడం గురించి ఎవరైనా గొప్పగా చెబితే నమ్మకండి. మొదటి పదిహేను రోజులు నేను ఇంట్లో పిల్లిని కూడా కరిచేలా ఉన్నాను. లవంగం నమిలాను, ఎండు ఉసిరిముక్క నమిలాను, మా ఆయన బుర్ర తిన్నాను. మా అత్త నాకోసం మానలేదు. డెబ్భై ఏళ్ల మనిషిని మానమని నేనూ అడగలేదు. అయితే నా ముందు కాల్చడం మానేసింది. రోజూ మధ్యాహ్నం కర్ర పట్టుకుని మూడిళ్ల అవతలి సూరమ్మ ఇంటికి వెళ్లి, కాల్చుకుని, నోరు పుక్కిలించుకుని, సోంపు నములుతూ, ఏమీ ఎరగనట్టు వచ్చి నా పక్కన కూర్చునేది. ఆషాఢంలో వానలు పట్టాయి. మా వీధంతా బురద. రెండు రోజులు వెళ్లలేదు. నాలుగు రోజులు వెళ్లలేదు. "తడిసి జారిపడి నడుం ఇరగ్గొట్టుకునే కంటే మానెయ్యడమే సులువు" అంది. వానలు తగ్గాక కూడా వెళ్లలేదు. నేనేమీ అనలేదు, దిష్టి తగులుతుందని.

మందు అప్పటినుంచి పట్టింది. మోతాదు పెంచడం వల్లనో, చుట్ట మానడం వల్లనో, రెండింటి వల్లనో, డాక్టరమ్మ కూడా ఇదమిత్థంగా చెప్పలేదు. ఒకరోజు పొద్దున్న కొళాయి తిప్పాక గుర్తొచ్చింది, నేనే తిప్పానని. పిడికిలి మూసుకుంది. బిగువు రెండు గంటల నుంచి గంటకి, గంట నుంచి పావుగంటకి దిగింది. ఎడమచేతి ఉంగరపు వేలు మాత్రం కొంచెం వంగి ఉండిపోయింది, అది ఇంక తిన్నగా రాదట. జబ్బు పూర్తిగా పోదనీ, అణిగి ఉంటుందనీ, మాత్రలు ఆపకూడదనీ చెప్పారు. సరేనన్నాను. అణిగి ఉంటే చాలు.

"రాట్నం దింపించీనా?" అని మా అత్త అడిగింది.

"రేపు చూద్దాం" అన్నాను. అలా ఇరవై రోజులు రేపు చూద్దాం అన్నాను. ఎండగా ఉందన్నాను, పత్తి చెమ్మగా ఉందన్నాను. అసలు సంగతి భయం. రాట్నం అటక మీద ఉన్నంతకాలం నేను వంద నంబరు వడికే మనిషినే. కిందికి దిగితే తేలిపోతుంది. మా అత్తకి ఆ సంగతి తెలిసిపోయింది. ఒకరోజు నేను బజారుకి వెళ్లి వచ్చేసరికి రాట్నం తుడిచి, నూనె వేసి, నా చోట పెట్టి ఉంది. పక్కన ఏకులు, అంటే వడకడానికి సిద్ధం చేసిన దూది వత్తులు. ఆవిడ వంటింట్లో గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేస్తోంది.

కూర్చున్నాను. దారం తెగింది. అతికాను, తెగింది. వచ్చింది కాస్తా జనపనార అంత లావు. బొటనవేలికి ఏమీ తెలియడం లేదు. లేచి వెళ్లిపోయి పెరట్లో కూర్చున్నాను. మా అత్త వచ్చి బతిమాలుతుందనుకున్నాను. రాలేదు. నేను వెళ్లి చూస్తే నేను వడికిన ఆ లావు దారాన్ని తీసి పువ్వులు గుచ్చుతోంది. "దేనికి పనికొచ్చేది దానికి పనికొస్తాది. మల్లా కూకో" అంది.

మళ్లీ కూర్చున్నాను. రోజుకి అరగంట, తర్వాత గంట. పొద్దున్న కాదు, పదకొండు దాటాక, వేళ్లు మెత్తబడ్డాక. నెల పోయాక ఒక మధ్యాహ్నం దారం సాగుతూ సాగుతూ సన్నబడడం చూపుడువేలికి తెలిసింది. ఊపిరి బిగబట్టాను. ఇంకా సన్నబడింది. తెగలేదు.

ఆశ్వయుజం

ఆరు చిలపలు, అంటే చుట్టిన నూలు కట్టలు, పోగయ్యాక ఖాదీ సంఘానికి తీసుకెళ్లాను. మా అత్త కూడా వస్తానంది, వద్దంటే వినలేదు. మెట్లెక్కలేక బయట చెట్టు నీడన నిలబడింది. లోపల నూలు తీసుకునే గుమస్తా కొత్తగా వచ్చినవాడు. నేనెవరో అతనికి తెలియదు, నా జబ్బు తెలియదు. పాతవాళ్లుంటే "ఏటమ్మా, ఎలగున్నాది?" అని కుశలాలు మొదలుపెట్టేవారు.

అతను చిలప తీసి నంబరు చూసే కాటాకి తగిలించాడు. ముల్లు ఊగి ఊగి ఆగింది.

"ఎనభై" అన్నాడు.

ఒక్క క్షణం నా మొహం వాడిపోయింది. వంద కాదు. అతను మిగతావి కూడా ఒక్కొక్కటీ తగిలించి చూశాడు. దారాన్ని గోటితో మీటాడు, వెలుగుకి పెట్టి చూశాడు. అన్నీ ఎనభైకి అటూ ఇటూగా ఉన్నాయి.

"సాపుగా ఉన్నాది నూలు" అన్నాడు. పెన్ను తీసి, తల ఎత్తకుండానే అడిగాడు. "మల్లా ఎప్పుడు తెస్తావమ్మా?"

ఏడాదిగా నన్ను ఎవరు పలకరించినా నొప్పి ఎలా ఉంది, మందు పని చేస్తోందా, రాత్రి నిద్ర పట్టిందా, ఇవే అడిగారు. ప్రేమగానే అడిగారు. ఫలానా రోజుకి ఫలానాది చేసి తెస్తావా అని మాత్రం ఎవరూ అడగలేదు. నా చేతుల్ని నమ్మి ఒక రోజు చెప్పమన్నవాడు ఇతనే. ఆ అడిగేది ఎవరినో కూడా అతనికి తెలియదు.

"ఏటమ్మా, సెప్పు, రాసుకోవాల" అన్నాడు.

"వచ్చే నెల రెండో మంగళవారం" అన్నాను. నోట్లోంచి వచ్చేశాక భయం వేసింది. అతను రాసుకున్నాడు, నా వెనకావిణ్ని పిలిచాడు.

బయటికి వచ్చేసరికి కళ్లు తుడుచుకుంటున్నాను. మా అత్త చూసి కంగారుపడింది.

"ఏటయ్యిందే? తీసుకోనేదా?"

"తీసుకున్నారు. ఎనభై. వచ్చే నెల రెండో మంగళవారానికి మళ్లీ తెస్తానని చెప్పాను."

మా అత్త వేళ్లు మడిచి రోజులు చూసుకుంది. చూసుకుని కర్ర ఎత్తింది.

"రోజు కూడా సెప్పీసి వచ్చినావు గదా, మరిక్కడ నిలబడి ఏటి ఏడస్తన్నావు? నడు బేగి, ఏకులు సెయ్యాల."